నాలుగో గడి

తొంభైల చివర్లో గల్ఫ్‌లో, ఘాలా అనే చోట ఒక గోడౌన్ కంపెనీలో నేను కంప్యూటర్ ఇంజనీర్ని. అంటే, ప్రింటర్లో ఇరుక్కున్న కాగితాలు లాగేవాణ్ణి. ఒకరోజు మా మేనేజరు, ఉత్తరాది పెద్దమనిషి, దుబాయ్ నుంచి నాలుగు వెబ్‌క్యామ్‌లు తెచ్చి, అన్నీ తన కంప్యూటర్ తెర మూల ఒకే చిన్న డబ్బాలో కనపడాలన్నాడు. చేసిచ్చాను. నాలుగు గడులు, ఒక్కో గడి కింద ఆపడానికో బటన్, బొమ్మను కదలకుండా నిలబెట్టడానికో బటన్. ఈ రెండోది ఎందుకంటే, అందంగా ఉందని.

గేటు, స్టోరు, లోడింగు కనపడ్డాయి. నాలుగో కెమెరాకి చోటు తోచలేదు.

"చౌథా ఖానా ఖాలీ క్యోఁ హై?" అన్నాడు మేనేజరు. ఆయన ఖానా అన్నది గడిని. అప్పుడే చాయ్ తెచ్చిన ఆఫీసు బాయ్, మేమంతా అన్న అని పిలిచే మనిషి, జగిత్యాల వైపు వాడు. అతనికి ఖానా అంటే అన్నమే.

"ఖాలీ నహీఁ సాబ్, పాంట్రీ మే గరం గరం దాల్ హై. లావూఁ?" అన్నాడు, వేడి వేడి పప్పు తెమ్మంటారా అని.

ఖర్మ! ఆఫీసులో వంట నిషేధం. అన్న కరెంటు పొయ్యి మీద చాటుగా వండేది తనతో కలిపి మా నలుగురు తెలుగువాళ్లకి. మేనేజరు చాయ్ తాగి, నాలుగో కెమెరా పాంట్రీలో పెట్టమన్నాడు. మళ్లీ వండితే వీసా క్యాన్సిల్ అన్నాడు.

"నిజంగ పంపిచ్చేస్తడా తమ్మీ? ఈ వీసా కోసం ఎంత తిరిగిన్నో నీకెర్కలే" అన్నాడు అన్న. నాకూ భయమేసింది. మెస్సు సాంబారు తలుచుకుంటే ఇంకా భయమేసింది.

కొన్నాళ్లు ఓర్చుకున్నాం. తర్వాత రోజూ భోజనాల వేళకి ముందు, పాంట్రీ ఖాళీగా ఉన్నప్పుడు, నెట్‌వర్కు మీదుగా నా సీట్లోంచే నాలుగో గడి బొమ్మను నిలబెట్టేసేవాణ్ణి. అన్న పొయ్యి పెట్టేవాడు. మేనేజరు తెర మీద పాంట్రీ అద్దంలా ఉండేది.

ఒకరోజు మేనేజరు ఫోన్. పాంట్రీ గడియారం రోజూ భోజనాల వేళకి ఆగిపోతోందట, సెల్లు మార్చమన్నాడు. బొమ్మలో గోడ గడియారం కూడా ఉందని ఎవడికి తట్టి చచ్చింది! మార్చామని చెప్పాం. తెర మీద అది మళ్లీ ఆగింది. ఈసారి ఆయనే కొత్త సెల్లు పట్టుకుని దిగివచ్చాడు.

నలుగురం కంచాల ముందున్నాం. ఆయన గడియారం కేసి చూశాడు. శుభ్రంగా తిరుగుతోంది. మామిడికాయ పప్పు కేసి చూశాడు. ఏం చెయ్యాలో తోచక అన్న ఇంకో కంచం పెట్టి వడ్డించాడు. మేనేజరు సెల్లు జేబులో వేసుకుని కూర్చున్నాడు. తిని, చెయ్యి కడుక్కుని, "నమక్ కమ్ హై" అని, ఉప్పు తక్కువని వంకపెట్టి వెళ్లిపోయాడు.

మర్నాడు ఎవరం పొయ్యి ముట్టలేదు. అన్న పెట్టె కూడా సర్దుకున్నాడు. మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"నాలుగో గడిలో ఆవిరి కనపడదేం?" అని తన హిందీలో అడిగాడు మేనేజరు.

నేను ఆ మాట చెప్పగానే అన్న అక్కడే కూలబడి ఏడ్చేశాడు. కాసేపటికి లేచి ఐదుగురికి పప్పు కడిగాడు.