దిగేటప్పుడు నడక

మా పశువుల కొట్టం పురానాపూల్ దిగువన, మూసీకి దగ్గరగా ఉండేది. మేము పాలు పోసే ఇళ్ళు ఎక్కువగా హుస్సేనీ ఆలం వైపు, ఎత్తు మీద ఉండేవి. మధ్యలో ఒక ఏటవాలు గల్లీ. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి పాల క్యాను మోసుకుంటూ అది ఎక్కుతూనే ఉన్నాను. ఆ గల్లీలో పరుగు నేర్చుకోవచ్చని మా పెద్దమ్మాయి పదో తరగతికి వచ్చాకే తెలిసింది.

పిల్ల బడిలో అందరికంటే ముందు ఉరికేది. కానీ ఆఖరి చుట్టుకు దమ్ము చాలేది కాదు. చలికాలంలో క్రీడల హాస్టల్‌కు ఎంపిక ఉందని, అప్పటిదాకా రోజూ ఎత్తు మీదికి ఉరకమని, దిగి మళ్ళీ ఉరకమని డ్రిల్లు టీచరమ్మ చెప్పింది. ఎత్తుకు ఉరికిన కాళ్ళకు చదును నేల తేలికవుతుందట. మా ఆయన పశువులకు గడ్డి వేస్తూ చెప్పాడు.

"ఈ ఒక్క పారి పోనీ. తీసుకుంటే హాస్టల్ల సదువుకుంటది. తీసుకోకుంటే బడి బంద్. కొట్టంల పని సూస్కోవాలె."

మర్నాడు పాలు పిండడం కాగానే పిల్ల నాతో బయలుదేరింది. గల్లీ కింద చున్నీ తీసి నా చేతిలో పెట్టి పైకి ఉరికింది. పైన గోడ ముట్టుకుని, అంతే వేగంగా కిందికి ఉరికొచ్చింది. మళ్ళీ ఎక్కింది. నాకు ముచ్చటేసింది. ఎంత తొందరగా అయిపోతే అంత మంచిదని కూడా అనుకున్నాను. ఇంకాసేపయితే ఇళ్ళ తలుపులు తెరుచుకుంటాయి, చున్నీ లేని పిల్లను అందరూ చూస్తారు.

కొన్నాళ్ళకు పిల్ల నల్లా దగ్గర బిందె ఎత్తలేక కూర్చుండిపోయింది. మోకాళ్ళ కింద ఎముక ముట్టుకోనివ్వలేదు. టీచరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఎలా దిగుతున్నావని ఆమె అడిగింది. ఉరికే దిగుతున్నానంది పిల్ల. టీచరమ్మ తల పట్టుకుంది. దిగేటప్పుడు నడవాలని, దమ్ము తిరిగొచ్చేది అప్పుడేనని, ఉరికితే దెబ్బంతా ఎముకలకేనని చెప్పి, కొన్నాళ్ళు ఆపమంది.

దారిలో అడిగాను. "దిగేటప్పుడన్న నడువక ఎందుకురికినవే?"

"చున్నీ నీ దగ్గరుండె. గట్లనే మెల్లగ దిగాల్నా అమ్మా? అందరు లేస్తుండ్రి."

నొప్పి తగ్గాక పద్ధతి మార్చాం. చున్నీ పట్టుకుని నేను ముందు పైకి ఎక్కేదాన్ని. పైకి చేరాక చున్నీ ఊపేదాన్ని. అది చూసి పిల్ల ఉరికొచ్చేది. చున్నీ కప్పుకుని నా పక్కన నడిచి దిగేది. కింద మళ్ళీ చున్నీ నా చేతికి. నేను ఆయాసపడుతూ ఎక్కేలోపు దానికి శ్వాస కుదుటపడేది. ఆ గల్లీ నేను ఎన్ని మాట్లు ఎక్కానో అదీ అన్ని మాట్లే ఎక్కింది. కాకపోతే నా కాళ్ళను ఎవరూ ఎంపిక చేయలేదు.

గల్లీ మొదట్లో సైకిళ్ళ పంచర్లు వేసే ముసలాయన ఉండేవాడు. చాలా రోజులు చూశాడు.

"ఏంది బెహన్, పైన ఏమన్న పారేసుకున్నరా? రోజూ ఎతుకుడేనా?"

నేను తల దించుకున్నాను. పిల్ల మాత్రం, "దమ్ము పోయింది చాచా, దొరకంగనే బంద్ చేస్తం" అంది. ఆయన నవ్వి, ట్యూబు నీళ్ళలో ముంచి బుడగల కోసం చూస్తూ ఉండిపోయాడు.

ఉరకడం కంటే దిగడమే కష్టంగా ఉండేది మాకు. ఉరికే పిల్లను ఎవరూ సరిగా చూడలేరు. నడిచే పిల్లను అరుగు మీది వాళ్ళంతా చూస్తారు. పళ్ళపొడి నోట్లో పెట్టుకుని కూడా చూస్తారు. చాలా ఏళ్ళ తర్వాత, నలభై దాటాక, నేను వయోజనుల బడిలో అక్షరాలు దిద్దినప్పుడు మళ్ళీ అదే తొందర పట్టుకుంది. ఎవరైనా చూస్తారేమోనని గబగబా రాసి పలక తుడిచేసేదాన్ని. అప్పుడు ఆ గల్లీ గుర్తొచ్చి చేయి నెమ్మదించేది.

ఎంపిక మలక్‌పేట వైపు ఒక మైదానంలో జరిగింది. మా ఆయన కూడా వచ్చాడు గానీ మాకు దూరంగా, సైకిల్ పట్టుకుని నిలబడ్డాడు. ఆఖరి చుట్టులో పిల్ల వెనకబడింది. ఎదురుగా చదును నేలే, అయినా పిల్ల మొహం ఎర్రబడిపోయింది. నేనేం చేస్తున్నానో తెలియకుండానే నా చేతిలో ఉన్న దాని చున్నీ ఎత్తి ఊపాను. అది చూసిందో లేదో ఇప్పటికీ చెప్పదు. కానీ ఎత్తు ఎక్కేటప్పుడు వంగినట్టే ముందుకు వంగి ఉరికింది. ఒకరిని దాటింది, ఇంకొకరిని దాటింది.

తీసుకున్నవాళ్ళ పేర్లు చదివారు. నేను ఆశ వదులుకుంటుండగా, చిట్టచివర మా పిల్ల పేరు వచ్చింది. మా ఆయన సైకిల్ తోసుకుంటూ టీచరమ్మ దగ్గరికి పోయాడు. ఏం గొడవ పెడతాడోనని నేనూ వెనకే పోయాను.

"హాస్టల్ల పాలిస్తరా టీచరమ్మా? నీళ్ళు కలపనియి?"

పిల్ల వెళ్ళిపోయిన మర్నాడు నేను మామూలుగా పాలు పోసి గల్లీ దిగుతున్నాను. చేతిలో ఖాళీ క్యాను తప్ప ఏమీ లేదు. పంచర్ల ముసలాయన నా వెనక్కి చూశాడు, పైదాకా చూశాడు.

"దమ్ము దొరికిందా బెహన్?"

"దొరికింది భాయ్" అన్నాను. అందరూ లేచే ఉన్నారు. నేను నెమ్మదిగా నడిచి దిగాను.