చెత్త ముద్ర పడ్డ రికార్డు

రియెకా ఊళ్లో, ఓడరేవు వెనక సందులో పాత రికార్డుల కొట్టు నాది. టిహోమిర్ మాస్టారు పదిహేనేళ్లుగా నా దగ్గరికి వస్తున్నారు. బళ్లో సంగీతం చెప్పి రిటైరయ్యారు, ఎనభై దాటాయి. ఆపెరాలు, పియానో రికార్డులు తప్ప ఏదీ ముట్టుకోరు. నేను పంక్, అదే ఆ అరుపుల రాక్ పాటలు, పెట్టానంటే మొహం చిట్లించి, "ఏమోయ్ ఎల్వియో, కొట్టుకి దయ్యం పట్టిందా?" అనేవారు. ముసలాయనకి అంత పొగరెందుకో నాకు అర్థమయ్యేది కాదు. అయినా ఆయన రాకపోతే ఆ రోజు తోచేది కాదు.

మొన్న నవంబర్లో పెద్ద వాన. గొడుగు తిరగబడి, తడిసి ముద్దై లోపలికొచ్చారు. మా ఊరి పిల్లలే ఎనభై రెండులో చేసిన ఒక పంక్ రికార్డు వింటున్నా నేను. ఎందుకొచ్చిన గొడవ, ఆపేద్దామని చెయ్యి పెట్టా.

"ఉండవోయ్, ఉండు" అన్నారు.

కోటైనా విప్పకుండా రికార్డు ఆ వైపంతా విన్నారు. మళ్లీ పెట్టించుకున్నారు.

"డ్రమ్ములు వాయించేవాడికి లయ తెలీదు. కానీ ఈ పిల్ల చూడు, కావాలనే శ్రుతి కిందకి జార్చి మళ్లీ ఎలా అందుకుందో! ఇన్నేళ్లు పాఠాలు చెప్పాను, ఇలాంటి గొంతు ఒక్కటి దొరకలేదు. ఎవరీ అమ్మాయి?"

అట్ట చేతికిచ్చా. గుండు కొట్టించుకున్న పిల్ల నోరు తెరిచి అరుస్తున్న ఫొటో. దాన్ని చూసి ఆయన స్టూలు మీద కూలబడ్డారు.

"దీన్ని చెత్త అని రాసింది నేనేనోయ్."

మా పాత దేశం ముక్కలవకముందు, కొత్త రికార్డులు ఒక సర్కారు సంఘం ముందుకి వెళ్లేవి. వాళ్లు చెత్త అన్నారంటే పన్ను పడేది, ధర పెరిగేది, ఇక కొనే నాథుడు ఉండేవాడు కాదు. అందులో మాస్టారూ ఒకరట. ఆ మధ్యాహ్నం బల్ల మీద పన్నెండు రికార్డులున్నాయి, అందరికీ ఆకలి. అట్టలు చూసి సంతకాలు పెట్టేశారు.

"అసలు విననే లేదా?" అన్నా. నాకు ఒళ్లు మండింది. ఆ పిల్లలు రెండో రికార్డు చెయ్యనే లేదు. దానికోసం నేను ఎన్నేళ్లు చూశానో నాకు తెలుసు.

"లేదు."

"పోన్లెండి, మీ భోజనం చల్లారకుండా తిన్నారు."

అనకుండా ఉండాల్సింది. ఆయన కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు. "ఆ అమ్మాయి ఉందా? బాగా పాడావని ఒక్కసారి చెప్పాలోయ్" అన్నారు.

ఆ పాడిన పిల్ల నెవియా ఎక్కడికి పోతుంది, ముప్ఫై ఏళ్లుగా చేపల మార్కెట్లోనే ఉంది. మర్నాడు పొద్దున్నే తీసుకెళ్లా. రబ్బరు బూట్లేసుకుని చేపలు శుభ్రం చేస్తోంది.

"ఏం ఎల్వియో అన్నా, ఇవాళైనా కొంటావా, ఊరికే వాసన చూసి పోతావా?"

మాస్టారు టోపీ తీశారు. "అమ్మా, నీ రికార్డుకి చెత్త అని సంతకం పెట్టినవాణ్ణి. వినకుండా పెట్టాను. నిన్న విన్నాను. చాలా గొప్పగా పాడావు తల్లీ."

నెవియా నోరు లేచిందంటే మార్కెట్టంతా సద్దుమణుగుతుంది. ఇవాళ ఆయన పని అయిపోయిందనుకున్నా. కానీ ఆమె కత్తి కింద పెట్టేసింది.

"వినకుండానా?"

"అవునమ్మా."

"నేనేమనుకున్నానో తెలుసా మాస్టారూ? చదువుకున్న పెద్దవాళ్లు కూచుని, మొత్తం విని, దీనికి పాట రాదని తేల్చారనుకున్నా. మీకంటే నాకెక్కువ తెలుసా అనుకుని ఆ రోజే మానేశా. నా పిల్లల్ని నిద్రపుచ్చడానిక్కూడా పాడలేదు."

పక్కనెవరో కిలో చేపలడిగితే నెవియా తూకం వెయ్యడానికి అటు తిరిగింది.