రెండో షెడ్డు మేస్త్రి

రాప్తాడు దాటాక రోడ్డు పక్కనున్న బుడ్డల మిల్లులో నేను నాలుగేళ్లు మేస్త్రిగా పనిచేశాను. రెండువేల సంవత్సరానికి అటూ ఇటూగా. వేరుశనక్కాయలు ఒలిచాక గింజల్లోంచి రాళ్లూ పుచ్చులూ ఏరడం అక్కడ ఆడవాళ్ల పని. మొదటి షెడ్డు నాది. రెండోదానికి ఒక పెద్దావిడ మేస్త్రి. ఆమె కూడా ఒకప్పుడు అక్కడే కూర్చుని గింజలు ఏరిన మనిషి. చదువు లేదు. నేను ఇంటర్ పాసయ్యాను.

నా షెడ్డులో ఎవరూ మాట్లాడకూడదు. ఆమె షెడ్డులోంచి పొద్దస్తమానం నవ్వులు వినిపించేవి. ఇంక పనేం సాగుతుందిలే అనుకునేవాణ్ణి. సాయంత్రం చూస్తే నాకంటే ఆమెవే రెండు మూటలు ఎక్కువుండేవి. ఇంటికి పోయినా అన్నం సరిగ్గా దిగేది కాదు.

వానలు లేని ఏడాది పని దొరకడమే గగనం. అయినా నా షెడ్డు నుంచి ముగ్గురు యజమాని దగ్గరికి వెళ్లి రెండో షెడ్డుకు మార్చమని అడిగారు. ఆయన నన్ను పిలిచాడు.

"ఏమప్పా, నీ కాడ ఎవురూ నిలబడరేమి?"



పెద్దావిడ ఏం చేస్తుందో కనిపెట్టాలని రెండు రోజులు చూశాను. పొద్దున్నే గేటు దగ్గర నిలబడి వచ్చేవాళ్లను ఒక్కొక్కరినీ ఇంటి సంగతి ఏదో అడిగేది, అంతే. మూడో రోజు నేనూ నిలబడ్డాను. ఏడాదిగా నా దగ్గర పనిచేస్తున్న ఒకామెను, పిల్లాడు బాగున్నాడా అని అడిగాను.

"నాకు పిల్లోల్లు లేరన్నా," అని తలొంచుకుని లోపలికి పోయింది.

వెనక ఎవరో నవ్వారు. ఆ కోపమూ పెద్దావిడ మీదికే మళ్లింది.

కొన్నాళ్లకు ఆమె సరుకులో పుచ్చులున్నాయని కొన్నవాళ్లు మూటలు తిప్పి పంపారు. నిజం చెప్పాలంటే నాకు పండగలా అనిపించింది. యజమాని అందరినీ బయట నిలబెట్టి, ఏరింది ఎవరని గద్దించాడు. అంతకు నెల ముందు నా సరుకు తిరిగొచ్చినప్పుడు నేను ఒకామెను వేలెత్తి చూపించి పనిలోంచి తీయించాను. ఈమె కూడా అదే చెయ్యాలని ఎదురుచూశాను.

"ఏరింది ఎవురైనా, మూట కట్టేముందు చూడాల్సింది నేను సామీ. చూడలేదు. నన్ను తిట్టు," అందామె.

ఆయన తిట్టాడు, గట్టిగానే. తర్వాత ఆ షెడ్డు ఆడవాళ్లు ఎవరూ చెప్పకుండానే మూటలు విప్పి మళ్లీ ఏరడానికి కూర్చున్నారు. నాకోసం ఒక్కరైనా అలా కూర్చుంటారా అనుకుంటూ నిలబడ్డాను.

ఆ ఆదివారం, నేను తీయించినామె ఇంటికి వెళ్లి మళ్లీ పనికి రమ్మన్నాను. ఆమె మంచినీళ్లు ఇచ్చింది.

"వస్తా. నీ కాడికి కాదు, ఆ యక్క కాడికి."

యజమానికి నేనే చెప్పి ఆమెను రెండో షెడ్డులో చేర్పించాను. "మంచి పని చేసినావప్పా," అంది పెద్దావిడ. ఆ మెచ్చుకోలూ నాకు రుచించలేదు. తర్వాత నా షెడ్డులోనూ మాట్లాడుకోవచ్చని చెప్పాను. మాట్లాడుకునేవాళ్లు. నేను లోపలికి రాగానే ఆపేసేవాళ్లు. పెద్దావిడ వస్తే మాత్రం కాస్త జరిగి, పక్కన చోటిచ్చేవాళ్లు.