పైకి లేచే చేతులు

నందిగామ మిర్చి కోల్డ్ స్టోరేజీలో నా పైన ఉన్న సిస్టమ్స్ ఇన్‌చార్జి ముఖం నాకు సరిగా గుర్తులేదు. రెండు అరచేతులూ పైకెత్తి "నేనేం ముట్టుకోలేదండి" అనడం మాత్రం మర్చిపోలేను. ఏది చెడినా ముందు ఆ చేతులు లేచేవి. తర్వాత వేలు ఇంకెవరి వైపో తిరిగేది.

ఓ ఉదయం నేను జగ్గయ్యపేట బస్సు దిగి వెళ్ళేసరికి సర్వర్‌కి నెట్‌వర్క్ లేదు. సరుకు లోపలికి పంపే టోకెన్లు రాక చందర్లపాడు రైతుల ట్రాక్టర్లు రోడ్డు మీద ఆగిపోయాయి. మేనేజర్ రాగానే చేతులు లేచాయి.

"నేనేం ముట్టుకోలేదండి. ఊడ్చే ఆవిడే వైరు లాగేసుంటది."

"నేను ఆ మూలకే పోలేదండి," అంది ఆవిడ. మేనేజర్ వినలేదు. రేపట్నుంచి రావద్దన్నాడు. ఆవిడ చీపురు గోడకి ఆనించి వెళ్ళిపోయింది.

నేను సర్వర్ ముందు కూర్చున్నాను. వైర్లన్నీ బాగానే ఉన్నాయి. పొద్దున్నే సర్వర్ నడిపే లినక్స్‌కి అప్‌డేట్ పెట్టింది మా ఇన్‌చార్జే. దాంతో సర్వర్‌ని నెట్‌వర్క్‌కి కలిపే కార్డు పేరు మారిపోయింది, దాని ఐపీ అడ్రస్ పాత పేరు మీదే ఉండిపోయి కనెక్షన్ తెగింది. కొత్త పేరు రాసి అడ్రస్ తిరిగి ఇచ్చాను. టోకెన్లు మొదలయ్యాయి.

"చూశారాండీ, ఆవిడటు వెళ్ళింది, ఇటు నెట్ వచ్చేసింది," అన్నాడాయన. మేనేజర్ తలూపాడు.

అప్‌డేట్ పెట్టిన టైము, ఆయన పేరుతో సహా, నా ఎదుట స్క్రీన్ మీదే ఉంది. నా ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. నోరు మూసుకున్నాను.

ఆయనంటే ఇప్పటికీ నాకు ఒళ్ళుమంట. కానీ ఆవిడ తప్పు చేసిందని రుజువు చేసిపెట్టింది నేనే.