బూడిద మేఘానికి భయపడి కట్టేసిన మంద

2025 నవంబరు. పెనుకొండకూ ధర్మవరానికీ మధ్య ఒక మండలంలో నేను పశువుల డాక్టరుగా పనిచేస్తున్నాను. అప్పటికి నా సర్వీసు పద్దెనిమిదేళ్ళు. పక్క మండలంలో పోస్టు ఖాళీగా ఉంటే అదీ నాకే ఇన్‌ఛార్జి ఇచ్చారు. పొద్దున్నే ఊరూరూ తిరిగి గాలికుంటు టీకాలు వేయడం, మధ్యాహ్నం ఆ పశువుల చెవిపోగుల నంబర్లు ఒక్కొక్కటే యాప్‌లో ఎక్కించడం, ఆ మధ్యలో ఎక్కడో ఒకచోట ఈనలేక అవస్థపడుతున్న ఆవు. ఇంటికి చేరేసరికి అన్నం కలుపుకునే ఓపిక కూడా ఉండేది కాదు. ఇది సాకుగా చెప్పడం లేదు. జరిగినదాంట్లో ఈ అలసటకూ భాగముంది కాబట్టి చెబుతున్నాను.

ఆ ఆదివారం ఇథియోపియాలో ఒక అగ్నిపర్వతం పేలింది. దాని బూడిద ఎర్రసముద్రం దాటి, యెమెన్, ఒమన్‌ల మీదుగా సోమవారానికల్లా మన దేశం వైపు వచ్చింది. గల్ఫ్ నుంచి రావలసిన విమానాలు కొన్ని రద్దయ్యాయి. నాకది టీవీలో వార్త. నాగప్పకు మాత్రం ఇంటి సంగతి.

నాగప్ప గొర్రెల కాపరి. యాభై దాటిన మనిషి. నలభై ఆరు గొర్రెల మంద. ఆయనా, భార్య అంజనమ్మా దాని మీదే బతుకుతారు. కూతురు సుశీల కువైట్‌లో ఒకరింట్లో వంటపని చేస్తుంది. మూడేళ్ళ తర్వాత సెలవు మీద వస్తోంది. సోమవారం సాయంత్రం బెంగళూరులో దిగాలి. ఎయిర్‌పోర్టుకు పోయాక విమానం లేదన్నారట. అక్కణ్ణుంచే తండ్రికి ఫోన్ చేసింది. ఆయన నాకు చేశాడు.

నేనప్పుడు ఆస్పత్రిలో కూర్చుని నంబర్లు ఎక్కిస్తున్నాను.

"మేడమ్, ఆకాశంలో బూడిద వస్తాండాదంట. మా పాప విమానం నిలిపేసినారు. బూడిద దూరితే ఇంజనే ఆగిపోతాదంట. విమానమే తట్టుకోలేకపోతే గొర్రె ఏం తట్టుకుంటాది మేడమ్?"

"మన దాకా రాదులే నాగప్పా."

"గడ్డి మీద పడితే విషమంట. వాట్సాప్‌లో వచ్చినాది. మందను తోలల్లా వద్దా, అది చెప్పండి."

"అంత భయముంటే రెండ్రోజులు రొప్పంలోనే పెట్టుకో. పోయేదేముంది?"

రొప్పం అంటే గొర్రెల దొడ్డి. ఆయన సరేనన్నాడు. నేను ఫోన్ పక్కన పెట్టి తర్వాతి నంబరు కొట్టాను.

నాగప్ప భయం తెలివితక్కువ భయమేమీ కాదు. అగ్నిపర్వతం బూడిద మన పొయ్యిలో బూడిద లాంటిది కాదు. అది రాతిపొడి, గాజుపొడి. విమానం ఇంజన్‌లోని వేడికి ఆ పొడి కరిగి, లోపలి రెక్కలకు అంటుకుని గట్టిపడుతుంది. గాలి ఆడక ఇంజన్ ఆగిపోవచ్చు. అందుకే ఆ మేఘం ఉన్న దారిలో విమానాలను పోనివ్వరు. ఇక గడ్డి సంగతి. రెండు వందల ఏళ్ళకు పైగా క్రితం ఐస్‌లాండ్‌లో అగ్నిపర్వతం పేలినప్పుడు, బూడిదతో పాటు ఫ్లోరైడ్ గడ్డి మీద పడి అక్కడి గొర్రెల్లో సగానికి పైగా చచ్చిపోయాయని కాలేజీలో చదువుకున్నాను. ఫ్లోరైడ్ ఏం చేస్తుందో మా వైపు ఎవరికీ చెప్పక్కర్లేదు. బోరు నీళ్ళు తాగిన పిల్లల పళ్ళు చూస్తే చాలు.

కానీ అలా గడ్డి మీద మందంగా పడేది కొండకు దగ్గర్లోనే. మన దేశానికి వచ్చిన మేఘం నేలకు ఎన్నో కిలోమీటర్ల ఎత్తున, రాజస్థాన్, ఢిల్లీల మీదుగా పోయింది. మా ఊళ్ళ మీద గోరంత బూడిద కూడా పడలేదు. ఇదంతా నాకు తెలుసు. ఆ రోజు రెండు నిమిషాలు ఓపిక పట్టి ఇదే మాట నాగప్పకు చెప్పి ఉంటే సరిపోయేది.

బుధవారం పొద్దున ఏడు గంటలకు మళ్ళీ ఫోన్ వచ్చింది.

"మేడమ్, బూడిద పడినట్లుండాది. నాలుగు పోయినాయి. ఇంకా పడిపోతాండాయి."

నేను వెళ్ళేసరికి రొప్పం చుట్టూ సగం ఊరు ఉంది. ఎవరి ముఖాన చూసినా భయమే. చచ్చినవాటిని ఒక పక్కకు లాగి గోనెపట్టా కప్పారు. బతికున్నవాటిలో పదిహేను దాకా తల వేలాడేసి నిలబడ్డాయి. కొన్ని పళ్ళు నూరుతున్నాయి. నాలుగడుగులు వేస్తే తాగినట్టు తూలుతున్నాయి. ఒక గొర్రె ఎడమ డొక్కలో పిడికిలితో నొక్కాను. లోపల నీళ్ళ తిత్తి కదిలినట్టు చప్పుడైంది. వెనక పారిన పేడ బూడిద రంగులో, పలచగా, పులిసిన గంజి వాసన కొడుతోంది.

ఆ రంగు చూసి జనం బూడిద తిన్నాయనుకున్నారు. ఆ వాసన నాకు ఇంకో సంగతి చెప్పింది.

గొర్రె మొదటి పొట్టను మేం రూమెన్ అంటాం. గడ్డిని పులియబెట్టే పెద్ద కుండ అది. లోపల ఉండే సూక్ష్మజీవులు గడ్డికి అలవాటుపడి ఉంటాయి. అలవాటు లేని గింజ ఒక్కసారిగా పడితే పులుపు మితిమీరుతుంది. ఆ ఆమ్లం ఒంట్లో నీటిని పొట్టలోకి లాగేస్తుంది, రక్తాన్ని పాడుచేస్తుంది. దీనికి అసిడోసిస్ అని పేరు. సన్న సూదితో పొట్టలో నీరు తీసి పీహెచ్ పేపరు మీద వేశాను. పులుపు ఎంతుందో ఆ కాగితం రంగు మార్చి చెబుతుంది. అనుమానం లేదు.

కానీ కాగితం రంగు చూపిస్తే ఊరు నమ్మదు. చచ్చిన గొర్రెను ఒకదాన్ని అక్కడే కోసి పోస్ట్‌మార్టమ్ చేశాను. రూమెన్ తెరిచేసరికి నానిన మొక్కజొన్న గింజలు కుప్పగా జారిపడ్డాయి.

అందరికంటే ముందు అంజనమ్మ కూర్చుండిపోయింది.

"నేనే పోసినా మేడమ్" అంది.

సంగతి కొంచెం కొంచెంగా బయటికి వచ్చింది. మంగళవారం ఏదో ఒక విమానంలో కూతురికి చోటు దొరుకుతుందని నాగప్ప బెంగళూరుకు పోయాడు. పోతూ, తను వచ్చేదాకా మంద రొప్పం దాటకూడదు, డాక్టరమ్మ మాట ఇది అని చెప్పాడు. కూతురు రాలేదు. ఆయన ఎయిర్‌పోర్టు బయట కూర్చుని కూర్చుని బుధవారం తెల్లవారుజామున ఒక్కడే తిరిగొచ్చాడు. ఇక్కడ గొర్రెలు ఆకలికి అరిచాయి.

"వామిలో చెనిక్కాయ కట్టె ఉండాది కదమ్మా, అది వేయకపోయినావా?" అని అడిగాను. కాయలు తెంపాక ఎండబెట్టి, వామిగా కుప్ప వేసుకునే వేరుశనగ తీగను మా వైపు కట్టె అంటారు.

"వామి బయట ఉండాది కదా మేడమ్. దాని మీదా బూడిద పడింటాదేమో అనుకుంటి. ఇంట్లో కొత్త మొక్కజొన్న ఉండె. పైన కప్పు ఉండాది, దీనికేం కాదని చాటలకెత్తి పోసినా. ఎంత ఇష్టంగా తిన్యాయో."

ఆకాశం నుంచి కాపాడాలని, ఇంట్లో కప్పు కింద దాచుకున్నదాన్ని తెచ్చి పెట్టింది ఆమె.

నాగప్ప రెండు రాత్రులు నిద్ర లేని కళ్ళతో భార్య వైపు చూశాడు. "పిడికెడు పెడతారు గానీ మూటెడు పోస్తారా ఎవరన్నా? ఇన్నేండ్లు గొర్రెల్లోనే ఉండావే నువ్వు."

నా చేతులకు ఇంకా రబ్బరు గ్లవ్స్ ఉన్నాయి. ఊరంతా వింటోంది. ఊరుకుంటే ఊరుకోవచ్చు. నన్నెవరూ అడగలేదు.

"ఆమెను అనొద్దు నాగప్పా" అన్నాను. "కట్టేయమన్నది నేను. ఏం మేపుతారని అడగలేదు. గింజ పెట్టొద్దని చెప్పలేదు. ఆ మబ్బు మన వైపు రాదని నాకు తెలిసీ, గట్టిగా చెప్పలేదు."

ఆయన నా వైపు తిరిగాడు. కోపం లేదు ఆ ముఖంలో. "చెప్పింటే పెట్టేవాళ్ళం కాదు మేడమ్" అన్నాడు. అంతే.

తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

ఆ తర్వాత మాటలకు టైము లేదు. ఊళ్ళో ఉన్న మూడు అంగళ్ళలో వంటసోడా ప్యాకెట్లన్నీ తెప్పించాను. పులుపుకు సోడాయే విరుగుడు. నీళ్ళలో కలిపి, సీసాతో ఒక్కో గొర్రె దవడ పక్క నుంచి నిదానంగా పోయాలి. దీన్ని డ్రెంచింగ్ అంటారు. తొందరపడితే ఊపిరితిత్తుల్లోకి పోయి అదే చంపుతుంది. పడిపోయినవాటికి సెలైన్ ఎక్కించాను. అంజనమ్మ ఒక్కో గొర్రె తల తన మోకాళ్ళ మధ్య పట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నానికి ఆమె చీరంతా సోడా నీళ్ళు, పేడ. లేచి పొమ్మన్నా పోలేదు. ఆ రోజు ఇంకో ఏడు పోయాయి.

సాయంత్రం చేతులు కడుక్కుంటుంటే నాగప్ప అడిగాడు. "ఆ బూడిదతో వానలు పోతాయంటాండారు మేడమ్. నిజమేనా?"

ఈసారి కూర్చుని చెప్పాను. బూడిద బరువుగా ఉంటుంది, కొన్ని రోజుల్లో దిగిపోతుంది. వాతావరణాన్ని మార్చేది దానితో పాటు లేచే గంధకం పొగ. చాలా పెద్ద పేలుడైతే ఆ పొగ ఆకాశంలో ఇంకా పైకి చేరి, సన్నటి తెరలా ఎండను అడ్డుకుంటుంది. ఏడాది, రెండేళ్ళు భూమి కొంచెం చల్లబడుతుంది, వానలు కూడా అటూ ఇటూ అవుతాయి. ఇది అంత పెద్దది కాదని శాస్త్రవేత్తలు అంటున్నారు అన్నాను. ఆయన చివరి దాకా విని, "అట్లయితే రేపు తోలొచ్చా?" అన్నాడు. రేపు ఎండుకట్టె మాత్రం వేసి, నీళ్ళు కొంచెం కొంచెంగా పెట్టి, ఎల్లుండి తోలమన్నాను. వామి మీద ఏమీ పడలేదని, కట్టె పిడికెడు తీసి దులిపి చూపించాను.

శుక్రవారం పొద్దున్నే, మందను తోలకముందే మళ్ళీ వెళ్ళాను. సుశీల వచ్చింది. ముందు రోజు వేరే విమానంలో చోటిచ్చారట. రొప్పంలో తల్లి పక్కన నిలబడి ఉంది. ముప్పై అయిదు గొర్రెలు మిగిలాయి. నెమరు వేస్తున్నాయి. నెమరు మొదలైతే మాకు ఊపిరి వస్తుంది.

"నేను ఫోన్ చేసి భయపెట్టకుంటే ఇంత అయ్యేది కాదు మేడమ్" అంది సుశీల. "ఎయిర్‌పోర్టులో అందరూ అదే మాట్లాడుకుంటాంటిరి. నాకు ఇంటి మీదే మనసు. అందుకే చెప్తి."

నీ తప్పేమీ లేదన్నాను. నమ్మినట్టు లేదు. వాళ్ళమ్మా నమ్మలేదు. ఎవరికి వాళ్ళం తప్పు నాదేననుకుంటూ నిలబడ్డాం. గొర్రెలు మాత్రం కట్టె నములుతున్నాయి.

పద్దెనిమిదేళ్ళలో ఇంతకంటే పెద్ద మందలు పోవడం చూశాను. నీలినాలుక రోగం వచ్చిన ఏడాది గుంతలు తవ్వలేక మనుషులు కూలబడ్డారు. కానీ అవి రోగాలు. ఈ పదకొండు గొర్రెలు నా నోటి మాటతో పోయాయి. మందు చీటీ రాసేటప్పుడు మోతాదు, పథ్యం రాయకుండా ఇవ్వం. ఫోన్లో చెప్పే సలహాకు అవేవీ అక్కర్లేదని ఎందుకనుకున్నానో తెలియదు. భయపడ్డ మనిషిని వదిలించుకోవడానికి చెప్పిన మాటను కూడా అతను డాక్టరు మాటగానే మోసుకుపోతాడు. ఇంటికి పోయి అక్షరాలా చేస్తాడు.

అలసట తగ్గలేదు. ఇన్‌ఛార్జి అలాగే ఉంది. మొన్న పరిగి వైపు నుంచి ఒకాయన ఫోన్ చేశాడు, ఎద్దు కుంటుతోంది, రెండ్రోజులు కాడి కట్టకుండా ఉండొచ్చా అని. ఉండొచ్చు అని పెట్టేయబోయి ఆగాను. ఎక్కడ కడతావు, ఏం వేస్తావు, ఇంటి దగ్గర ఎవరుంటారు అని వరసగా అడిగాను.

"ఏమి మేడమ్, పోలీసోళ్ళ మాదిరి ఇన్ని అడుగుతాండారు" అన్నాడు.

"అడగనీ, చెప్పు" అన్నాను.