రెండో గంట

ఆ రూటు డ్రైవర్లకు కండక్టరమ్మ మీద ఒకటే ఫిర్యాదు. బస్సు ఆగాలంటే ఒక గంట, కదలాలంటే రెండు. కదిలేటప్పుడు ఆవిడ ఒకటి కొట్టి, తాడు పట్టుకుని అలా నిలబడిపోతుంది. క్లచ్ మీద కాలుపెట్టుకుని డ్రైవరు కాచుకు కూర్చోవాలి.

"అక్కా, రెండోదానికి ముహూర్తం చూస్తున్నావా?" అంటాడు కుర్ర డ్రైవరు. ఆమె నవ్వి రెండోది కొడుతుంది.

ఒకప్పుడు ఆమె ఇంట్లోనూ గంట ఉండేది. తుక్కుకింద తీసేసిన బస్సులోంచి మెకానిక్కును బతిమాలి తెచ్చి, కొడుకు మంచానికి కట్టింది. వాడికి ఏడో ఏట నడక తడబడింది, తర్వాత మాట ముద్దయింది. నరాలు ఒక్కొక్కటే చచ్చుబడే జబ్బనీ, లక్షల్లో ఒకరికి వస్తుందనీ డాక్టరు చెప్పాడు. అదృష్టం ఏనాడూ ఆ గడప తొక్కలేదు గానీ, ఈ జబ్బు మాత్రం లక్షలమందిని దాటుకుని అడ్రసు వెతుక్కుంటూ వచ్చింది.

మాట పోయినా వాడి పెత్తనం పోలేదు. అన్నం ఆలస్యమైతే గంట, నానమ్మ కునికితే గంట. ఇంట్లో వాడి పేరు చెకింగ్ సారు. తల్లి డ్యూటీ దిగి రాగానే చెయ్యి చాపేవాడు. టికెట్టు ముక్క పెడితేగాని ఊరుకునేవాడు కాదు.

పొద్దున్నే ఆమె మంచం దగ్గర నిలబడి, "వెళ్ళొచ్చా సార్?" అని అడిగేది. ఒకటే కొడితే ఉండిపోతానని ఒట్టేసింది. రెండు మోగాకే గడప దాటేది. చేతులు పడిపోయాక వాడు గంటకు బదులు కళ్ళు ఆర్పేవాడు.

ఆ చివరి పొద్దున రెప్ప ఒకసారి పడింది. రెండోసారీ పడిందనే ఆమె అనుకుంది. డ్యూటీకి టైమైపోతోంది, వెళ్ళిపోయింది. మూడో ట్రిప్పులో ఉండగా ఇంటినుంచి ఫోన్ వచ్చింది.

రెప్ప నిజంగా రెండోసారి పడిందా? ఉండమన్న బిడ్డను వదిలేసి ఊళ్ళోవాళ్ళకు టికెట్లు కొట్టిందా? అప్పట్నించీ ఒక గంట కొట్టగానే ఆమె చెయ్యి ఆగిపోతోంది.

ఒక సెలవురోజు అత్తగారితో కలిసి దుప్పటి మడతపెడుతూ, ఇన్నాళ్ళూ దాచుకున్న మాట బయటపెట్టేసింది.

"అత్తయ్యా, ఆ రోజు వాడు ఒకటే కొట్టాడేమో."

"నీకెప్పుడైనా ఒకటి కొట్టాడటే వాడు?"

ఆమె గుర్తు చేసుకుంది. ఒళ్ళు కాలిపోయే జ్వరంలోనూ రెండే. రాత్రంతా ఎగశ్వాసతో అల్లాడిన పొద్దునా రెండే.

"నువ్వు సందు మలుపు తిరగ్గానే నాకు కొట్టేవాడు ఒకటి," అంది ముసలావిడ. "వెళ్ళి కూర్చుంటే ఏడ్చేవాడు, రోజూ. నీతో చెప్పొద్దని కళ్ళతోనే బతిమాలేవాడు. బస్సు లేటైతే జనం అమ్మను తిడతారని వాడి బెంగ, మాట ఉన్నప్పుడే నాతో చెప్పాడు. ఆ రోజూ అంతే, నా ఒళ్ళోనే ఉన్నాడు."

ఆమె దుప్పట్లో మొహం దాచుకుని ఏడ్చింది. రెండోసారీ రెప్ప పడే ఉంటుంది, ఇక అనుమానం లేదు. అయినా గుండె బరువు దిగలేదు. వాడు ఉండమని అడిగే పిల్లాడు కాడు. అడక్కుండానే తను ఉండాల్సింది.

మర్నాడు రెండు గంటలూ వెంటవెంటనే మోగాయి. కుర్ర డ్రైవరు అద్దంలోంచి వింతగా చూసి బస్సు కదిలించాడు. నాలుగడుగులు పోయిందో లేదో, మళ్ళీ ఒక గంట మోగింది. వెనక స్టాపువైపు ఒక ముసలాయన కర్ర ఊతంతో నెమ్మదిగా నడిచి వస్తున్నాడు. చెయ్యి ఎత్తలేదు, కేక వెయ్యలేదు.

"ఆయన ఆపమనలేదు కదక్కా?"

"అందరూ అడగరు తమ్ముడూ," అంది ఆమె. ఆయన ఎక్కి కుదురుగా కూర్చున్నాక, రెండు కొట్టింది.