మా ముసలి కారుకు పోసిన నూనె

“ఆ బండికి పల్చటి నూనె పోయనీయద్దు.”

“సరేలేప్పా, చెప్తాలే. నువ్వు గమ్మునుండు, ఆయాసమొస్తాండాది.”

నాకూ మా ఆయనకూ మధ్య చివరి మాటలు ఇవే. అనంతపురం ఆసుపత్రిలో, పొద్దున పూట, ఆయన పెదాలకు తడిగుడ్డ అద్దుతూ ఉన్నాను. ఆ మాట చెప్పి గోడవైపు తిరిగి పడుకున్నాడు. మధ్యాహ్నానికి మనిషి లేడు. పిల్లల గురించి చెప్పలేదు, నా గురించి చెప్పలేదు. కారు ఇంజన్‌లో పోసే నూనె గురించి చెప్పి పోయాడు. నవ్వుతారని ఈ సంగతి చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. రాస్తున్నది నా మరిది కూతురు, ఇందులో సగం వాళ్ల నాయన కథే. నాకా, కూడబలుక్కుంటే బస్సు మీది ఊరి పేరు చదవడం వచ్చు, అంతే.

మాది తనకల్లు దగ్గర పల్లె. వాన పడితే వేరుశెనగ, పడకపోతే దుమ్ము. ఆ దుమ్ములోనే మా ఆయన అద్దెకు కారు తోలేవాడు. నయాపైసలు వచ్చి కొన్నేళ్లయిన రోజులవి. కారు మాత్రం యుద్ధానికి ముందుది. ఎవరో దొర వాడి వదిలేస్తే చేతులు మారి మారి మా వాకిట్లోకి వచ్చింది. నల్లటిది. ముందువైపు కడ్డీ దూర్చి తిప్పితే గానీ లేచేది కాదు. పెళ్లికైనా, కానుపు నొప్పులకైనా, కదిరి ఆసుపత్రికైనా చుట్టుపక్కల పల్లెలన్నిటికీ అదొక్కటే. మాకున్న చేను సగం రాళ్లే కాబట్టి ఇంటిల్లిపాదీ ఆ ఇంజన్ మీదే బతికేవాళ్లం. ఇంజన్ ఒకసారి బిగుసుకుపోయిందంటే మళ్లీ చేయించే తాహతు లేదు. ఆ భయం మా ఇంట్లో పొయ్యిలో నిప్పులా ఎప్పుడూ ఉండేదే.

అందుకే నూనె దగ్గర ఆయన అంత పట్టుదలగా ఉండేవాడు. డబ్బా మీద నంబరు ఉంటుంది. ఎండాకాలానికి బాగా చిక్కటిది, చలికాలానికి కొంచెం తక్కువది. నంబరు చూశాక కూడా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దకుండా పోసేవాడు కాదు. ఒకసారి నేను పెద్దపాప తలకు ఆముదం పెడుతుంటే వచ్చి, గిన్నెలో వేలు ముంచి పైకెత్తాడు. తీగ సాగింది.

“సూడు, మన ఇంజనుకు ఈ మాదిరి తీగ దిగాల. లోపలంతా అరిగి సందులు పడినాయి. పల్చటిది పోస్తే సందుల్లో నిలబడదు.”

“అట్లయితే ఈ ఆముదమే పోయప్పా. అంగడికి పోయే పని తప్పుతాది.”

“పోస్తా. నువ్వు జడకు గ్రీసు పెట్టుకుంటావా మరి?”

పాప కూడా నవ్వింది.

ఆ రోజుల్లోనే అనంతపురంలో కొత్తరకం నూనె అమ్మడం మొదలైంది. పల్చగా, తేనె రంగులో ఉండేది. లోపలి మురికినంతా కడిగేస్తుందని చెప్పేవాళ్లు. అబద్ధమేమీ కాదు, కొత్త కార్లకు అది మంచిదే. మాది ముసలిది. ఏళ్ల తరబడి లోపల పేరుకున్న మడ్డి ఒక్కసారిగా ఊడితే, నూనె పారే సన్నదారులకు అదే అడ్డం పడుతుంది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పటికి తెలిసింది పల్చటిది వద్దన్న మాట ఒక్కటే.

మా మరిది అన్న దగ్గరే కారు తోలడం నేర్చుకున్నాడు, నూనె పోసే పని మాత్రం ఆయన ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. ఆసుపత్రి బయట కారులోనే పడుకునేవాడు. అన్న పోయాడని చెబితే ఏడవలేదు. మొహం రాయి చేసుకుని, కారు తీసుకుని ఎటో పోయి, కొంతసేపటికి వచ్చాడు. వెనక సీట్లో ఆయన్ను పడుకోబెట్టారు. తల నా ఒడిలో. కదిరి దాకా బండి తేలిగ్గా పోయింది. కదిరి దాటాక లోపలెక్కడో టకటకమని చిన్న చప్పుడు మొదలైంది. నా ఒడిలో ఉన్నది ఏమిటో, నేను విన్నది ఏమిటో! ఆ చప్పుడును అక్కడే మరిచిపోయాను.

మళ్లీ గుర్తొచ్చింది ఇంటికి పలకరింపులకు వచ్చినవాళ్ల ముందు మరిది మాట్లాడుతుంటే. వాళ్లు వాకిట్లో కూర్చున్నారు, నేను లోపల మూలన ఉన్నాను.

“మా అన్నను తెచ్చేటప్పుడు పాత నూనె అంతా దించేసి కొత్తరకం పోయించినానన్నా. పెద్దపెద్దోళ్ల కార్లకు పోసేది. మా అన్న ఆ బండెక్కేది అదే ఆఖరు గదా, మంచిది పోయద్దా?”

“మంచి పని చేసినావప్పా,” అన్నారు ఎవరో.

ఆయన వద్దన్న పల్చటి నూనె అదే. చెబుదామంటే, అన్న చివరి మాటను తానే తొక్కేశానని ఆ పిల్లవాడు కుంగిపోతాడు. అప్పటికే కూడు సరిగ్గా ముట్టడం లేదు. చెప్పకుండా ఉంటే బండి పోతుంది, బండితోపాటు మేమూ పోతాం. నాకు దిక్కు తోచలేదు. ఒక్కటే కలిసొచ్చింది. కర్మ పట్టినవాడు పెద్దదినం, అంటే పెద్దకర్మ, అయ్యేదాకా బండి ముట్టకూడదని మా అత్త కట్టడి చేసింది. కారు వాకిట్లోనే నిలబడిపోయింది. రోజూ పొద్దున్నే నేను దాని కిందికి వంగి చూసేదాన్ని. ముగ్గు లేని వాకిట్లో నల్లటి మచ్చ ఒకటి పెద్దదవుతూ ఉంది. నూనె కారుతోంది.

పెద్దదినం ఇంకా కాకముందే పెళ్లివాళ్లు వచ్చారు. పెళ్లికొడుకును కుందుర్పికి తీసుకుపోవాలట. కుందుర్పి అంటే మాకు జిల్లా ఆ కొస. మండే ఎండలు. మరిది సరేనన్నాడు. వచ్చినవాళ్లలో ఒక పెద్దమనిషి గొంతు తగ్గించి, “సావు జరిగిన ఇంటి బండి గదా, పెండ్లికి బాగుంటాదా?” అని నసిగాడు.

నేను లోపలినుంచే అన్నాను: “కారుకు తాళి లేదు గదప్పా, తెంపేదానికి! ఎక్కితే ఎక్కండి, లేకుంటే ఎద్దులబండి కట్టుకోండి.”

వాళ్లు నవ్వాలో వద్దో తెలియక లేచి పోయారు. వేరే కారు యాడుంది వాళ్లకు? అంత గట్టిగా అన్నానే గానీ, ఆ కారు కుందుర్పి దాకా పోతుందని నాకే నమ్మకం లేదు.

పెద్దదినం అయిన మర్నాడు మరిది మా మిద్దెకు చౌడు పోయడానికి వచ్చాడు. మావి మట్టి మిద్దెలు. వానలకు ముందు ఏటా పైన చౌడుమన్ను పరుస్తాం, పాతదాని మీదే కొత్తది. ఆ పని ఏటా మా ఆయన చేసేవాడు. ఈసారి తమ్ముడు గంప ఎత్తుకున్నాడు. నేనూ నిచ్చెన ఎక్కాను.

“ఏమప్పా, ఈ పాత చౌడంతా గీకేసి కొత్తది పోస్తే బాగుంటాదేమో?”

“మతి పోయిందా వదినా? గీకితే ఇల్లంతా కారదా? నీళ్లను పట్టి నిలిపేది ఆ పాతదే గదా.”

“మీ అన్న ఆ బండికి అదే చెప్పినాడప్పా. పల్చటి నూనె పోయద్దన్నాడు.”

గంప అతని నెత్తిమీదే ఉండిపోయింది.

“ఎప్పుడు?”

“పోయేనాటి పొద్దున.”

“మరి నాకు అప్పుడే ఏంటికి చెప్పలేదు?”

“చెప్పేలోపలే నువ్వు పోసుకొస్తివి. మీ అన్నకు మంచిది కావాలని పోస్తివి. దాన్ని తప్పని నీకు యట్ల చెప్పేది?”

గంప దించి అక్కడే కూలబడ్డాడు. అప్పుడు ఏడ్చాడు. అన్న పోయినాక అదే మొదటిసారి. వీధిలో పోయేవాళ్లు తలలెత్తి చూసేంత గట్టిగా. నేను ఊరుకోబెట్టలేదు. ఆ ఏడుపు రావలసిందే. ఏడ్చి ఏడ్చి, చౌడు చేతులతోనే మొహం తుడుచుకుని అడిగాడు:

“ఇంజన్ పోయింటాదా వదినా?”

“నన్నడిగితే? నేనేమన్నా మెకానిక్కునా? పోయి సాయిబును పిలుచుకొని రాపో. మొగం కడుక్కో ముందు, జడుసుకుంటాడు.”

కదిరిలో బండ్లు బాగుచేసే ఆ సాయిబు మా ఆయనకు పాత స్నేహితుడు. బస్సులో వచ్చి, మమ్మల్ని ఓదార్చి, గోతం పరుచుకుని కారు కింద దూరాడు. ఇంజన్ అడుగున నూనె నిలిచే చాంబర్ విప్పి కింద పెట్టాడు. లోపలంతా మడ్డి. అడుగంటిన సంగటి మాడులాగా గడ్డలు గడ్డలు. నూనె పీల్చుకునే చోట చిన్న జల్లెడ ఉంటుంది. దాన్ని వేలితో గీకి చూపించాడు.

“సగం మూసుకోనుండాది. ఎంత దూరం తిప్పినావప్పా?”

“ఆసుపత్రి కాడినుంచి ఇంటికే అన్నా. మళ్లీ ముట్టలేదు. కర్మలో ఉంటి.”

“అదే కాపాడినాది. కుందుర్పికి పోయింటే దావలోనే పట్టేసేది. మీ అన్న పోతాపోతా బండిని నిలబెట్టి పోయినాడప్పా.”

మా అత్త గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అన్నీ కిరసనాయిలుతో కడిగి, తుడిచి, మళ్లీ బిగించారు. మరిది కదిరికి పోయి చిక్కటి నూనె తెచ్చాడు. పోసేముందు మూత తీసి డబ్బా నా దగ్గరికి పట్టుకొచ్చాడు.

“వదినా, నువ్వొకసారి సూడు.”

వేలు ముంచి ఎత్తాను. “పోయప్పా,” అన్నాను. నాకేం తెలుసు నిజానికి! అయినా అడిగాడు కదా.

కడ్డీ తిప్పితే మొదట ఉలకలేదు, తర్వాత దగ్గింది, నల్లటి పొగ చిమ్మి లేచింది. టకటక ఇంకా ఉంది. లోపల స్టీరింగు దగ్గర నూనె ఎక్కుతోందా లేదా చూపించే సూది ఒకటి ఉంటుంది. మరిది దాన్నే చూస్తున్నాడు.

“ఎక్కుతాండాది,” అన్నాడు. “వదినా, ఎక్కుతాండాది, రా, సూడు!”

టకటక తగ్గింది. తగ్గి తగ్గి ఆగింది. ఎప్పటి గడగడ, ఆయన ఉన్నప్పటి గడగడ మిగిలింది. నాకు నవ్వొచ్చేసింది. పెద్దదినం మొన్ననే అయిందని గానీ, మా అత్త చూస్తోందని గానీ లేకుండా నవ్వాను. మెడ మీదినుంచి బండరాయి దించినట్టయింది. ఆ రోజు కడుపునిండా తిన్నాను, మరిదీ తిన్నాడు.

కుందుర్పి పెళ్లివాళ్లు బయల్దేరేటప్పుడు ఎదురు రాకూడదని నేను లోపలే ఉన్నాను. బండి ఎక్కడా ఆగలేదట. తిరిగొచ్చాక సీట్ల కింద అక్షింతలు ఊడ్చాను. ఆ తర్వాత చాలా ఏళ్లు అది మాకు తిండి పెట్టింది. నూనె మార్చిన ప్రతిసారీ మరిది డబ్బా తెచ్చి నాకు చూపించేవాడు.

చాలు పాపా, ఇంక ఆపు. సాయంత్రం మీ నాయన వస్తానన్నాడు, ఇది ఆయనకు సదివి ఇనిపించాల గదా. ఆ నూనె ఆయప్ప ప్రేమతో పోసినాడనే ఉండాల, తప్పు చేసినాడని ఒక్క ముక్క కూడా ఉండగూడదు. నేను నోరు జారి యాడన్నా అట్ల అనింటే కొట్టేయి. ఏదీ, మొదటినుంచి సదువు, ఇంటాను.